పిలుపులో వరుస

పిల్లలూ!

"సిస్టర్" అనే ఇంగ్లీషు మాటను తెలుగులో ఏమంటారు? మీలో కొందరు "అక్క" అంటారు. కొందరు "చెల్లెలు" అంటారు. రెండూ సరైన జవాబులే. కాని ఆ రెండూ ఒకటి కావు.

మీ ఇంగ్లీషు పుస్తకంలో "టామ్ తన సిస్టర్‌తో బడికి వెళ్లాడు" అని ఉందనుకోండి. దానిని తెలుగులో రాయమంటే మీ కలం ఒక్క క్షణం ఆగుతుంది. ఆ అమ్మాయి టామ్ కంటె పెద్దదా, చిన్నదా? అది తెలియనిదే తెలుగులో ఆ వాక్యం కుదరదు. "సోదరి" అని రాయవచ్చు. కాని అది పుస్తకాల మాట. "సోదరీ, అన్నానికి రా" అని ఇంట్లో ఎవరైనా పిలుస్తారా?

ఇంగ్లీషు అడగని ప్రశ్నను తెలుగు అడుగుతుంది. ఎందుకు అడుగుతుంది? ఆ సంగతే ఈ పాఠంలో తెలుసుకుందాం. ముందుగా మా ఇంట్లో జరిగిన ఒక చిన్న విషయం చెబుతాను.

మా ఇంటి ముచ్చట

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను. మా చెల్లెలు, మా మరిది ఉద్యోగరీత్యా బహ్రెయిన్‌లోని రిఫాలో ఉంటున్నారు. వారికి ఒక్కతే పాప. మీలాగే అక్కడ ఆరవ తరగతి చదువుతోంది. మీలాగే సెలవు నాడు తెలుగు నేర్చుకుంటోంది. ఆమె పేరు చెప్పను. ఈ పాఠంలో పేర్లతో పనిలేదు, వరుసలతోనే పని.

ఒక వేసవి సెలవులలో ఆ పాప మా ఇంటికి వచ్చింది. గుమ్మంలో నన్ను చూడగానే నవ్వుతూ "హలో ఆంటీ!" అంది. సాయంత్రం వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లాం. కొట్టులో ఉన్న ఆవిడను కూడా "ఆంటీ, ఒక బిస్కట్ పొట్లం ఇవ్వండి" అంది. పాప తప్పేమీ మాట్లాడలేదు. మర్యాదగానే మాట్లాడింది. అయినా నా మనసు చివుక్కుమంది. నేనూ, కొట్టు ఆవిడా ఆ పాపకు ఒకే వరుస ఎలా అయ్యాం?

మరునాడు పాప తన తెలుగు తరగతి పుస్తకం చూపించింది. "నా కుటుంబం" అనే శీర్షిక కింద ఇలా రాసింది: "నాకు అక్కచెల్లెళ్లు లేరు. నేను ఒక్కదాన్నే."

నాకు ఇద్దరు కూతుళ్లు. పెద్దది తొమ్మిదో తరగతి, చిన్నది నాలుగో తరగతి. పాప వస్తోందని పెద్దది వారం రోజుల ముందునుంచే తన మంచం పక్కన ఇంకొక మంచం వేయించి పెట్టింది. ఆ వాక్యం అదీ చదివింది. ఏమీ అనలేదు. పుస్తకం మూసి లోపలికి వెళ్లిపోయింది.

"మా అమ్మాయిలు నీకు ఏమవుతారమ్మా?" అని అడిగాను.

"కజిన్స్" అంది పాప.

"తెలుగులో చెప్పు."

పాప ఆలోచించింది. ఆ మాటకు సరిపోయే తెలుగు మాట ఆమెకు దొరకలేదు. దొరకదు కూడా. ఎందుకంటే ఇంట్లో మనం వాడుకునే తెలుగులో "కజిన్" అనే మాటే లేదు.

అమ్మలు ఎందరు? నాన్నలు ఎందరు?

తెలుగులో వరుసల లెక్క ఒక చక్కని సూత్రం మీద నడుస్తుంది. అది తెలిస్తే బట్టీ పట్టవలసిన పని ఉండదు.

అమ్మ అక్కచెల్లెళ్లు మనకు అమ్మలే. అమ్మ కంటె పెద్దదైతే పెద్దమ్మ. చిన్నదైతే చిన్నమ్మ, లేదా పిన్ని. నాన్న అన్నదమ్ములు మనకు నాన్నలే. నాన్న కంటె పెద్దవాడైతే పెదనాన్న. చిన్నవాడైతే చిన్నాన్న, లేదా బాబాయి. పెద్దమ్మ భర్త కూడా పెదనాన్నే. బాబాయి భార్య కూడా పిన్నే.

మరి అమ్మ అన్నదమ్ములు? వారు నాన్నలు కారు, మామలు. నాన్న అక్కచెల్లెళ్లు అమ్మలు కారు, అత్తలు. మామ భార్య అత్త. అత్త భర్త మామ.

అంటే అమ్మతోపాటు పుట్టిన ఆడవారు అమ్మ వరుస. నాన్నతోపాటు పుట్టిన మగవారు నాన్న వరుస. ఆడవారి తోడ మగవారు, మగవారి తోడ ఆడవారు పుట్టిన చోట వరుస మారి మామ, అత్త అవుతుంది. ఇంగ్లీషులో వీరందరూ రెండే మాటలలో ఇమిడిపోతారు: అంకుల్, ఆంటీ.

ఇప్పుడు పిల్లల సంగతి చూద్దాం. పెద్దమ్మ, పిన్ని అమ్మలైతే, వారి పిల్లలు మనకు ఏమవుతారు? అమ్మ పిల్లలు ఏమవుతారో అదే అవుతారు. అన్నలు, తమ్ముళ్లు, అక్కలు, చెల్లెళ్లు. పెదనాన్న, బాబాయి పిల్లలూ అంతే. మామ పిల్లలు, అత్త పిల్లలు మాత్రం అన్నదమ్ములూ కారు, అక్కచెల్లెళ్లూ కారు. వారు బావ, బావమరిది, వదిన, మరదలు.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. పెద్దమ్మ అవునా, పిన్ని అవునా అనేది మన అమ్మ వయసుతో పోల్చి చూడాలి. కాని వారి పిల్లలు అక్క అవునా, చెల్లెలు అవునా అనేది మన వయసుతో పోల్చి చూడాలి. పిన్ని కూతురు మీ కంటె పెద్దదైతే ఆమె మీకు అక్కే.

ఈ సూత్రం చెప్పి, పాపను మళ్లీ లెక్కపెట్టమన్నాను. పాప వేళ్లు మడిచింది. "మీ పెద్దమ్మాయి అక్క. చిన్నమ్మాయి నా కంటె చిన్నది, కాబట్టి చెల్లి. హైదరాబాదులో మా బాబాయికి ఇద్దరు చిన్న పాపలు. వాళ్లూ చెల్లెళ్లు. మరి మా మామయ్య కూతురు?"

"నీ కంటె చిన్నది కనుక మరదలు."

"అయితే నాకు ఒక అక్క, ముగ్గురు చెల్లెళ్లు!" అంటూ పాప ఆశ్చర్యపోయింది. నిన్నటిదాకా ఒక్కదాన్నే అనుకున్న అమ్మాయికి ఒక్క పూటలో నలుగురు తోబుట్టువులు దొరికారు. వారు కొత్తగా పుట్టినవారు కారు. ఎప్పటినుంచో ఉన్నవారే. "కజిన్" అనే మాట వెనుక కనబడకుండా ఉండిపోయారు.

"తోబుట్టువు" అనే మాట విన్నారు కదా! తోడ పుట్టినవారు తోబుట్టువులు. సంస్కృతం నుంచి వచ్చిన "సోదరి" అనే మాటకు ఒకే గర్భాన పుట్టినది అని అర్థం. అయితే వాడుకలో ఈ మాటల అర్థం పెరిగింది. పెద్దమ్మ బిడ్డలను కూడా తోబుట్టువులుగానే చూసుకుంటాం.

బావ ఎవరు? మేనత్త ఎవరు?

అత్త, మామ అనే మాటలు రెండు చోట్ల వినిపిస్తాయి. నాన్న అక్కచెల్లెలూ అత్తే. పెళ్లయిన తరువాత భర్త తల్లీ, భార్య తల్లీ అత్తే. ఈ రెండింటికీ తేడా తెలియాలంటే ముందు "మేన" చేర్చి చెబుతాం. మేనత్త అంటే నాన్న తోడ పుట్టినది. మేనమామ అంటే అమ్మ తోడ పుట్టినవాడు.

ఒకే మాట రెండు చోట్లకు ఎందుకు వచ్చింది? పూర్వం మన ప్రాంతాలలో అత్త కొడుకునో, మామ కూతురినో పెళ్లి చేసుకోవడం వాడుక. దానిని మేనరికం అంటారు. అప్పుడు మేనత్తే అత్తగారు అయ్యేది. "మాయాబజార్" సినిమా మీరు చూసే ఉంటారు. అది 1957లో వచ్చింది. అందులో శశిరేఖ బలరాముని కూతురు. అభిమన్యుడు సుభద్ర కొడుకు. బలరాముడు, సుభద్ర అన్నాచెల్లెళ్లు. కాబట్టి సుభద్ర శశిరేఖకు మేనత్త, అభిమన్యుడు బావ. వారి పెళ్లితో కథ ముగుస్తుంది.

దగ్గరి బంధువుల మధ్య పెళ్లి జరిగితే పుట్టే పిల్లలకు కొన్ని వంశపారంపర్య వ్యాధులు వచ్చే అవకాశం పెరుగుతుందని వైద్యులు చెబుతున్నారు. అందువలన ఈ ఆచారం తగ్గుతూ వస్తోంది. ఆచారం తగ్గినా మాటలు నిలిచాయి. "బావా" అని పిలిచినంత మాత్రాన పెళ్లి మాట అనుకోకండి. అది అత్త కొడుకును, మామ కొడుకును పిలిచే పిలుపు, అంతే.

మేనమామకు మన ఇళ్లలో పెద్ద పీట. చాలా ఇళ్లలో బిడ్డకు పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు మేనమామ ఒడిలో కూర్చోబెడతారు. చెవులు కుట్టేటప్పుడూ అంతే. పెళ్లిలో పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది మేనమామలే. అక్కచెల్లెళ్లకూ అటువంటి గౌరవమే ఉంది. దీపావళి వెళ్లిన రెండవ రోజు, అంటే కార్తీక శుద్ధ విదియ నాడు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ఇంటికి వెళ్లి వారి చేతి వంట తింటారు. దానిని భగినీ హస్త భోజనం అంటారు. తెలంగాణలో బతుకమ్మ పండుగకు ఆడపడుచులు పుట్టింటికి వస్తారు. వరుస అంటే వట్టి పేరు కాదు. దానితోపాటు ఒక హక్కు, ఒక బాధ్యత వస్తాయి.

ఒక విద్వాంసుని ఆశ్చర్యం

ఈ లెక్క మనకు మామూలుగా తోస్తుంది. కాని బయటివారికి ఇది ఒక వింత. లూయిస్ హెన్రీ మోర్గాన్ అనే అమెరికా న్యాయవాది ప్రపంచంలోని అనేక భాషల బంధుత్వ పదాలను సేకరించి 1871లో ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. అందులో తమిళం, తెలుగు, కన్నడ పదాలు కూడా ఉన్నాయి. అమెరికాలోని సెనెకా అనే ఆదివాసి తెగవారు కూడా తల్లి అక్కచెల్లెళ్లను తల్లి అనే పిలుస్తారు. ఎక్కడి సెనెకా వారు, ఎక్కడి దక్షిణ భారతం! ఈ పోలిక చూసి ఆయన ఆశ్చర్యపోయాడు. తరువాత 1981లో థామస్ ట్రౌట్‌మన్ అనే పండితుడు ద్రావిడ బంధుత్వం మీదనే ఒక గ్రంథం రాశాడు. మీరు ఇంట్లో పలికే "పిన్ని", "బావ" వంటి మాటల మీద ఇంత పరిశోధన జరిగింది.

బహ్రెయిన్‌లో వినిపించే మాటలు

మీరు ఉన్న చోట చాలా భాషలు వినిపిస్తాయి. వాటిని గమనిస్తే మన భాష గొప్పతనమూ తెలుస్తుంది, ఇతర భాషల గొప్పతనమూ తెలుస్తుంది.

అరబ్బీలో తోబుట్టువైన ఆడపిల్లను "ఉఖ్త్" అంటారు. పెద్దదైనా, చిన్నదైనా ఉఖ్తే. అయితే అరబ్బీ వేరొక సంగతి అడుగుతుంది. ఇద్దరు ఉంటే "ఉఖ్తైన్" అనాలి. ఒకరికి ఒక రూపం, ఇద్దరికి ఒక రూపం, అంతకు మించితే ఇంకొక రూపం. మీ దేశం పేరులోనే ఈ సంగతి ఉంది. "బహ్ర్" అంటే సముద్రం. "బహ్రెయిన్" అంటే రెండు సముద్రాలు. తెలుగు వయసు అడిగితే అరబ్బీ లెక్క అడుగుతుంది.

అమ్మ వైపు ఎవరు, నాన్న వైపు ఎవరు అనే తేడా అరబ్బీలోనూ ఉంది. అమ్మ అక్కచెల్లెలు "ఖాలా". అమ్మ అన్నదమ్ముడు "ఖాల్". నాన్న అన్నదమ్ముడు "అమ్మ్". నాన్న అక్కచెల్లెలు "అమ్మా". అరబ్బీ స్నేహితురాలు మేనత్తను ఇలా పిలిస్తే కన్నతల్లిని పిలుస్తోందని పొరపడకండి. ఆ మాటలోని మొదటి అక్షరాన్ని వారు గొంతులోనుంచి పలుకుతారు. మన "అమ్మ" వేరు.

మీ మలయాళీ స్నేహితులు అక్కను "చేచ్చి" అంటారు, చెల్లెలిని "అనియత్తి" అంటారు. తమిళులకు అక్క "అక్కా", చెల్లెలు "తంగై". కన్నడిగులకు "అక్క", "తంగి". ఫిలిప్పీన్స్ వారు అక్కను "ఆతే" అని పిలుస్తారు. కాబట్టి పెద్దను పెద్దగా పిలవడం మన ఒక్కరి సొత్తు కాదు. మీ తరగతి గదిలోనే అటువంటి భాషలు ఎన్నో ఉన్నాయి. అడిగి తెలుసుకోండి.

ఊరికొక మాట

తెలుగులోనే ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క మాట ఉంది. నాన్న తమ్ముణ్ణి కోస్తాలో బాబాయి అంటారు. తెలంగాణలో కాక అనీ, రాయలసీమలో చిన్నాయన అనీ అనడం వింటాం. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెలలో అక్కను "అప్ప" అంటారు. అదే మాటకు తమిళ, కన్నడ భాషలలో తండ్రి అని అర్థం. తెలంగాణ పల్లెలలో "అవ్వ" అంటే కన్నతల్లి. రాయలసీమలో "అవ్వ" అంటే అమ్మమ్మో, నాయనమ్మో. నాయనమ్మను అక్కడ "జేజి" అని కూడా అంటారు.

మీ తరగతిలో జగిత్యాల నుంచి వచ్చినవారు ఉండవచ్చు, కడప నుంచి వచ్చినవారు ఉండవచ్చు, గోదావరి తీరం నుంచి వచ్చినవారు ఉండవచ్చు. ఒకరి మాట విని ఇంకొకరు నవ్వకూడదు. ఏ మాటా తప్పు కాదు. మీ అమ్మ, మీ నాన్న తమ ఇంట్లో ఏమని పిలిచారో అదే మీ మాట.

రక్తసంబంధం లేనివారికి కూడా మనం వరుస కలుపుతాం. ఊరు కాని ఊళ్లో, దేశం కాని దేశంలో పనికి వెళ్లినవారు ఒకరినొకరు "అన్నా", "తమ్ముడూ" అని పిలుచుకుంటారు. ఆ ఒక్క పిలుపుతో పరాయివాడు అయినవాడవుతాడు. పొరుగింటి ఆవిడను "ఆంటీ" అనడం నేరమేమీ కాదు. కాని ఆవిడ తెలుగు ఆవిడ అయితే ఒకసారి "పిన్నిగారూ" అనో, "అత్తయ్యగారూ" అనో పిలిచి చూడండి. ఆవిడ ముఖం ఎలా వికసిస్తుందో మీకే తెలుస్తుంది. ఇంట్లోవారిని మాత్రం వారి వరుసతోనే పిలవాలి.

మళ్లీ మా ఇంటికి

ఆ సెలవులలో మా చిన్నది పాపను "అక్కా, అక్కా" అంటూ వెంటపడి తిరిగింది. తనను అక్క అని పిలిచేవారు పాపకు అంతకు ముందు ఎవరూ లేరు. మొదటి రోజు నవ్వింది. రెండవ రోజు చెల్లెలి జడ తానే వేసింది. మూడవ రోజు మామిడిపండు కోస్తే పెద్ద ముక్క చెల్లెలికి ఇచ్చి చిన్న ముక్క తాను తీసుకుంది. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. పిలుపే నేర్పింది.

పాప నన్ను "ఆంటీ" అన్నప్పుడు నా మనసు చివుక్కుమందని చెప్పాను కదా. తరువాత ఆలోచిస్తే తప్పు పెద్దవారమైన మాదే అనిపించింది. ఇన్నేళ్లు ఫోనులో మాట్లాడుతూ "నేను నీ పెద్దమ్మను" అని నేను ఒక్కసారైనా చెప్పలేదు. చెప్పనిది పిల్లలకు ఎలా వస్తుంది?

ఇప్పుడు శుక్రవారం అక్కడ నాలుగు గంటలు అయ్యేసరికి, అంటే ఇక్కడ ఆరున్నరకు, మా ఇంట్లో ఫోను మోగుతుంది. "పెద్దమ్మా, బాగున్నావా? అక్క చదువుకుంటోందా? చెల్లిని పిలు" అంటుంది పాప. ఆ మూడు పిలుపులలో మా ముగ్గురికీ మూడు చోట్లు ఉన్నాయి.

పిల్లలూ! మీకూ ఇటువంటి అక్కలు, చెల్లెళ్లు, అన్నలు, తమ్ముళ్లు ఎందరో ఉన్నారు. ఈ వారం లెక్కపెట్టి చూడండి. లెక్కపెట్టిన తరువాత వారిలో ఒకరికి ఫోను చేసి, వరుసతో పిలవండి.

కొత్త మాటలు

వరుస – బంధుత్వం, ఒకరికి ఒకరు ఏమవుతారో తెలిపే సంబంధం
తోబుట్టువు – తోడ పుట్టినవారు
మేనరికం – మేనమామ, మేనత్త బిడ్డలతో కలిసే పెళ్లి సంబంధం
ఆడపడుచు – ఇంటి ఆడబిడ్డ, భర్త అక్కచెల్లెలు
పుట్టువెంట్రుకలు – పుట్టినప్పటినుంచి ఉన్న మొదటి జుట్టు
చివుక్కుమను – మనసుకు చిన్న నొప్పి కలుగు

అభ్యాసం

1. "సిస్టర్" అనే మాటను తెలుగులో రాయాలంటే ఏ సంగతి తెలియాలి?
2. అమ్మ చెల్లెలి కూతురు మీ కంటె పెద్దది. ఆమె మీకు ఏమవుతుంది? అమ్మ తమ్ముడి కూతురు మీ కంటె చిన్నది. ఆమె ఏమవుతుంది?
3. తెలుగు వయసు అడుగుతుంది, అరబ్బీ లెక్క అడుగుతుంది. ఈ మాటను ఉదాహరణలతో వివరించండి.
4. పాప తనకు నలుగురు తోబుట్టువులు ఉన్నారని ఎలా తెలుసుకుంది?
5. మీ తరగతిలో వేరొక భాష మాట్లాడే ఇద్దరు స్నేహితులను అడిగి, వారి భాషలో అక్కను, చెల్లెలిని ఏమంటారో రాయండి.
6. మీ అమ్మనో నాన్ననో అడిగి మీ బంధువుల పట్టిక తయారుచేయండి. ప్రతి పేరు పక్కన వరుస రాయండి. "కజిన్", "అంకుల్", "ఆంటీ" అనే మాటలు వాడకండి.